రష్యా చరిత్ర చదివి, దాన్నే వృత్తిగా చేసుకోవచ్చా? ఆ దారిలో వెళ్లినవాళ్లు చెప్పండి

మధిర_అమ్మాయి:

అందరికీ నమస్తే. నాకు 21 ఏళ్లు. మాది మధిర దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి బీఏ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. చరిత్ర నా మెయిన్ సబ్జెక్టు.

మా తాతయ్య దగ్గర ఒక ట్రంకు పెట్టె ఉండేది. నిండా మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు. ప్రగతి ప్రచురణాలయం, రాదుగ. విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాన్ వచ్చినప్పుడల్లా రూపాయికీ రెండు రూపాయలకీ కొని దాచుకున్నవి. నేను కూడబలుక్కుని మొదట చదివిన కథలు అవే. మంచు, పొయ్యి మీద పడుకునే ముసలమ్మ, తోడేలు. ఆ కాగితం వాసన ఇప్పటికీ ముక్కుకు తెలుస్తుంది.

పోయిన ఏడాది క్లాసులో మా మేడమ్ 1932-33 కరువు గురించి చెప్పారు. ఉక్రెయిన్, వోల్గా తీరం, కుబాన్, కజకిస్తాన్. ధాన్యం పండించిన ఊళ్లలోనే జనం తిండి లేక పోయారని చెప్పారు. ఇంటికెళ్లినప్పుడు పెట్టె మొత్తం వెతికాను. సమష్టి వ్యవసాయం (రైతుల పొలాలన్నీ కలిపి ఉమ్మడిగా చేయించిన సేద్యం) గురించి నాలుగు పుస్తకాలున్నాయి. ఒక్కదాంట్లో కూడా ఆ మాట లేదు. తాతయ్యను అడిగాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మా దాకా రాలేదమ్మా ఆ వార్త" అన్నారు. సంక్రాంతికి ముందు ఆయన పోయారు.

అప్పటి నుంచి నాకు వేరే ఆలోచన లేదు. రష్యా చరిత్ర చదవాలి, పరిశోధన చేయాలి. ఎనిమిది నెలలుగా సాయంత్రం పూట రష్యన్ సర్టిఫికెట్ కోర్సుకు వెళ్తున్నాను. అచ్చు అక్షరాలు మెల్లగా చదవగలను.

నాన్న బీఈడీ చేయమంటున్నారు, లేదా గ్రూప్-2. ఆయన్ను తప్పుపట్టను, ఇంట్లో నా తర్వాత ఇంకో చెల్లి ఉంది. అందుకే అడుగుతున్నాను. ఇది నిజంగా ఒక వృత్తేనా? ఎన్నేళ్లు పడుతుంది? భాష ఎంత రావాలి? ఇప్పుడు యుద్ధం జరుగుతుండగా అక్కడికి వెళ్లడం కుదురుతుందా? ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి రాయండి.

గ్రూప్స్_నుంచి_బడికి:

చెల్లెమ్మా, నేను ఎంఏ చరిత్ర చేశాను. కాకతీయుల చెరువుల మీద పీహెచ్‌డీ చేయాలనుకుని మూడుసార్లు నెట్ పరీక్ష రాశాను, జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) రాలేదు. ఇప్పుడు ప్రభుత్వ బడిలో సోషల్ చెబుతున్నాను. బతుకు బాగానే ఉంది, పిల్లలంటే ఇష్టం కూడా.

నా మాట ఒక్కటే. మన చరిత్రకే పోస్టులు లేవు. మన యూనివర్సిటీల్లో ఏళ్ల తరబడి నియామకాలు లేక సగం కుర్చీలు ఖాళీ. అలాంటిది రష్యా చరిత్ర చదివినవాళ్లకు ఎవరు ఉద్యోగమిస్తారు? చదవొద్దని చెప్పడం లేదు. బీఈడీ చేతిలో పెట్టుకుని చదువు. నాన్నగారి టెన్షన్ తగ్గుతుంది, నీకూ కాళ్ల కింద కాస్త నేల ఉంటుంది.

తెనాలి_టు_మాస్కో:

ఈ ప్రశ్న చూసి రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. పెద్దదవుతుంది, ఓపిగ్గా చదువు తల్లీ.

నాకు 48 ఏళ్లు. మాది తెనాలి. మా నాన్న సోవియట్ భూమి చందాదారు. ఆ పత్రిక నున్నటి కాగితంతోనే మా బడి పుస్తకాలకు అట్టలు వేసేవాళ్లం. లెక్కల పుస్తకం మీద ట్రాక్టరు, సైన్సు పుస్తకం మీద వ్యోమగామి. రష్యా మీద నా ప్రేమ అక్కడ మొదలైంది. ఆ అట్టల మీద లేని రష్యా ఒకటుందని తెలిసింది డిగ్రీలో, నీలాగే. కాబట్టి మీ తాతయ్య మౌనం నాకు తెలుసు. మా నాన్న కూడా అలాగే కూర్చుండిపోయాడు.

హైదరాబాద్‌లో భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో రష్యన్ నేర్చుకున్నాను (దాన్ని అప్పట్లో సీఫెల్ అనేవాళ్లు), తర్వాత ఢిల్లీ వెళ్లి చరిత్రలో ఎంఏ, ఎంఫిల్, పీహెచ్‌డీ. పీహెచ్‌డీ ఒక్కటే ఏడేళ్లు పట్టింది. అందులో పదమూడు నెలలు మాస్కోలో ఉన్నాను. ఇప్పుడు ఉత్తరాదిలో ఒక యూనివర్సిటీలో పాఠం చెబుతున్నాను. నా పోస్టు పేరు "ఆధునిక ప్రపంచ చరిత్ర". రష్యా మీద ప్రత్యేక పేపరు ఏడాది విడిచి ఏడాది ఉంటుంది, ఆరుగురో ఏడుగురో తీసుకుంటారు. కాబట్టి "రష్యా చరిత్రకారిణి కావాలి" అని ప్రకటన పడుతుందని ఎదురుచూడకు. మన దేశంలో అలాంటి ప్రకటన నేను చూడలేదు. ఐరోపా చరిత్ర, ప్రపంచ చరిత్ర అని పడుతుంది. నీ పరిశోధన రష్యా మీద అయినా, ఫ్రెంచి విప్లవం నుంచి రెండో ప్రపంచ యుద్ధం దాకా ఏది అడిగినా క్లాసులో నిలబడి చెప్పగలగాలి.

డబ్బు సంగతి దాచకుండా చెబుతాను. జేఆర్‌ఎఫ్ వస్తే ఇప్పుడు నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా కుదిరితే మూల వేతనం 57,700. ఈ రెంటికీ మధ్య ఒక ఎడారి ఉంటుంది. నాకది మూడేళ్లు. ఆ మూడేళ్లూ హైదరాబాద్ మందుల కంపెనీల కాగితాలు రష్యన్‌లోకి, రష్యన్ నుంచి ఇంగ్లీషులోకి అనువాదం చేసి బతికాను. మాత్రల మోతాదు, ముడిసరుకు పరీక్షలు, లేబుళ్లు. మన కంపెనీలు అక్కడికి మందులు పంపినన్నాళ్లూ ఆ పని ఉంటుంది. పైన తమ్ముడు చెప్పిన "కాళ్ల కింద నేల" నాకు బీఈడీ కాదు, భాష. నీకు ఏది కుదిరితే అది చూసుకో. ఆయన మాట మాత్రం తేలిగ్గా తీసుకోకు.

ఇక అసలు పని. చరిత్రకారుడి వృత్తి పట్టాతో మొదలవుతుందని అందరూ అనుకుంటారు. నాకైతే ఇంకొకరి చేతిరాత చదవగలిగిన రోజు మొదలైంది.

మాస్కోలో ఫ్రూన్‌జెన్‌స్కయా మెట్రో దిగి నడిస్తే బల్షాయా పిరగోవ్‌స్కయా వీధి, 17 నంబరు. ఆ ఆవరణలోనే రష్యన్ ఫెడరేషన్ రాజ్య ఆర్కైవ్, ఆర్థిక ఆర్కైవ్ రెండూ ఉన్నాయి. నా పని ఆర్థిక ఆర్కైవ్‌లో, 396వ ఫోండ్. 'క్రెస్త్యాన్‌స్కయా గజేతా', అంటే రైతుల పత్రిక. 1923లో మొదలై 1939 దాకా నడిచింది. పల్లెల నుంచి జనం ఆ పత్రికకు కుప్పలుతెప్పలుగా ఉత్తరాలు రాసేవారు. కోర్టుకు వెళ్లలేనివాళ్లు, ఊరి పెద్దల మీద ఎవరికి చెప్పుకోవాలో తెలియనివాళ్లు పత్రికకు రాసేవారు.

అక్కడ ప్రతి కాగితానికీ నాలుగు మెట్ల చిరునామా ఉంటుంది. ఫోండ్, ఓపిస్, ద్యేలా, లీస్త్. సంస్థ, జాబితా, ఫైలు, పుట. నువ్వు రేపు రాసే ప్రతి అధోజ్ఞాపికలోనూ ఈ నాలుగు అంకెలుంటాయి. ప్రతి ఫైలు మొదట్లో ఒక కాగితం అంటించి ఉంటుంది. ఆ ఫైలు తెరిచినవాళ్లంతా దాని మీద తేదీ వేసి, పేరు రాసి, సంతకం పెట్టాలి. నేను మొదట తెరిచిన ఫైల్లో ఆ కాగితం మీద ఒక్క పేరే ఉంది, పదేళ్ల కిందటిది. దాని కింద నా పేరు రష్యన్ అక్షరాల్లో రాస్తుంటే చెయ్యి వణికింది. తెనాలి ఇంటిపేరు అక్కడ రాయడం వల్ల కాదు. ఆ ఫైల్లో ఉన్న రెండు వందల మంది మాట ఆ పదేళ్లలో ఎవరూ వినలేదని అర్థమై.

ఆ ఫైల్లో ఒక ఉత్తరం మీద పదకొండు రోజులు కూర్చున్నాను. 1938 నాటిది. బడి నోటుబుక్కు గళ్ల కాగితం, పెన్సిల్ రాత, మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. ఉత్తరం ఒక పల్లె తల్లిది. రాసింది ఆమె కాదు, నాలుగో తరగతి చదివే కొడుకు. తల్లి చెబుతుంటే రాశానని వాడే చెప్పాడు. భర్తను ముందటేడు పట్టుకెళ్లారు. పన్ను బకాయి అని ఊరి సోవియట్ (గ్రామ పాలక మండలి) వాళ్లు ఆవును తోలుకుపోయారు. ముగ్గురు పిల్లలు. మాస్కోలో ఉన్నవాళ్లకు ఈ సంగతి తెలియదు కాబట్టి తెలియజేస్తున్నానని ఆమె నమ్మకం. చివర సంతకం మాత్రం వేరే చేతిది. మూడే అక్షరాలు, ఒక్కోటి ఒక్కో సైజులో. ఆమెకు రాయడం వచ్చింది ఆ మూడే అనుకుంటా. పైన ఎర్ర పెన్సిల్‌తో ఆఫీసు గీత, ప్రాంత ప్రాసిక్యూటర్‌కు పంపాలని స్టాంపు. ఫైల్లో జవాబు లేదు.

పదకొండు రోజులు ఎందుకు పట్టిందంటే, రష్యన్ కలిపిరాతలో 'త' చూడటానికి ఇంగ్లీషు ఎమ్‌లా ఉంటుంది, 'ద' జీలా, 'ప' ఎన్‌లా ఉంటుంది. 'ష', 'ల', 'మ' పక్కపక్కన పడితే వరసగా నిలువు గీతలే. నువ్వు అచ్చు చదవగలనన్నావు, మంచిదే. కానీ 1930ల పల్లె మనిషి అచ్చులో రాయలేదు. ఇక 1918కి ముందు కాలం మీద పనిచేయాలనుకుంటే పాత లిపి కూడా రావాలి. ఆ ఏడాది లిపి సంస్కరణతో పోయిన అక్షరాలుంటాయి. తేదీలు కూడా పాత పంచాంగంలో ఉంటాయి, 20వ శతాబ్దంలో 13 రోజుల తేడా. అక్టోబర్ విప్లవం పండుగ నవంబర్ 7న రావడానికి కారణం అదే. ఇది తెలియక ఒక సెమినార్లో నేనే ఒక సంఘటనను పదమూడు రోజులు ముందుకు జరిపి చెప్పాను. ఇప్పటికీ గుర్తొస్తే ముఖం కందిపోతుంది.

నువ్వు కరువు గురించి అడిగావు కాబట్టి ఒక మనిషి గురించి తప్పకుండా చెప్పాలి. విక్తర్ దనీలోవ్. 1925లో పుట్టాడు, 2004లో పోయాడు. సోవియట్ దేశంలోనే ఉండి రైతుల చరిత్ర రాసినవాడు. 1960ల మొదట్లో ఆయనా సహచరులూ కలిసి సమష్టి వ్యవసాయం ఎలా జరిగిందో, ఎంత బలవంతం మీద జరిగిందో ఒక పుస్తకం సిద్ధం చేశారు. అచ్చుకు అక్షరాలు కూర్చడం కూడా అయిపోయింది. 1964లో కృశ్చేవ్‌ను దించారు, పుస్తకం ఆపేశారు. అది వెలుగు చూడలేదు. ఆయన దేశం వదిలిపోలేదు, వృత్తి మానలేదు. 1920ల పల్లె జీవితం మీద, భూమి, జనాభా, గ్రామ సభల మీద రాయనిచ్చినంత రాస్తూ కూర్చున్నాడు. సోవియట్ యూనియన్ కూలి ఆర్కైవ్‌లు తెరుచుకునేనాటికి ఆయనకు 66 ఏళ్లు. అప్పుడు రష్యన్, విదేశీ చరిత్రకారులను కూడగట్టి, 1927 నుంచి 1939 దాకా పల్లెల మీద ఏం జరిగిందో చెప్పే రహస్య పత్రాలను అయిదు పెద్ద సంపుటాలుగా తెచ్చాడు. మొదటిది 1999లో, చివరిది ఆయన పోయాక 2006లో. కరువులో చనిపోయినవాళ్లు 50 లక్షలకు పైనే అని ఈ రోజు చరిత్రకారులు చెబుతున్నారంటే, ఆ మాట వెనక ఇలాంటి మనుషుల నడుములు వంగిపోయి ఉన్నాయి. మీ తాతయ్య దాకా రాని వార్త దనీలోవ్ దగ్గర అచ్చు దాకా వచ్చి ఆగింది. నాకు ఇష్టమైన చరిత్రకారుడు ఎవరని అడిగితే మరో ఆలోచన లేకుండా ఈయన పేరే చెబుతాను.

బయట నుంచి వెళ్లినవాళ్లలో షీలా ఫిట్జ్‌ప్యాట్రిక్ గురించి చదువు. 1941లో మెల్‌బోర్న్‌లో పుట్టింది, ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేస్తూ 1966లో మాస్కో వెళ్లింది. విప్లవం తర్వాత మొదటి విద్యా మంత్రి లునచార్‌స్కీ మీద పని. అప్పట్లో విదేశీయులకు ఆర్కైవ్ జాబితాలు చూపించేవారు కాదు. ఏ ఫైలు ఉందో తెలియకుండానే అడగాలి. ఆమె లునచార్‌స్కీ బావమరిది ఇగోర్ సాట్స్‌ను కలిసింది, కాగితాల్లో దొరకనిది ఆయన ఇంట్లో కూర్చుని విన్నది. 1968లో ఒక సోవియట్ పత్రిక ఆమెను దాదాపు గూఢచారి అని రాసింది. ఆమె పత్రాలన్నీ పెళ్లి ద్వారా వచ్చిన ఇంటిపేరుతో ఉండటం వల్ల, తిట్లు తిన్నదీ ఆర్కైవ్‌లో కూర్చున్నదీ ఒకరేనని వెంటనే పోల్చుకోలేకపోయారు. 1970లో మొదటి పుస్తకం వచ్చింది. తర్వాత అమెరికాలో పాఠాలు, 1990 నుంచి షికాగో యూనివర్సిటీ, 2012లో తిరిగి ఆస్ట్రేలియా. ఆమె మీద విమర్శలు తక్కువేం కాదు. స్టాలిన్ కాలాన్ని మామూలు మనుషుల రోజువారీ జీవితం వైపు నుంచి చూస్తే పైనున్నవాళ్ల నేరం పలుచనవుతుందని చాలామంది అన్నారు, ఇప్పటికీ అంటున్నారు. నేను ఆ మాట ఒప్పుకోను. ఆవు కోసం ఉత్తరం రాసిన తల్లిని చూశాక పైవాళ్ల నేరం నాకు ఇంకా బరువుగా కనిపించింది.

చెప్పొచ్చేదేమిటంటే, ఏ దేశం చదవాలో నీకు తెలిసింది. ఇప్పుడు ప్రశ్న తేల్చుకో. "రష్యా చరిత్ర" అని ఎవరూ పీహెచ్‌డీ చేయరు. "1938లో ఆవు పోయిన మనిషి ఎవరికి ఉత్తరం రాసింది, ఎందుకు రాసింది" అని చేస్తారు.

డాక్టర్_త్వేర్:

నేను చరిత్ర మనిషిని కాదు, కరీంనగర్‌లో డాక్టర్‌ని. రష్యాలోని త్వేర్‌లో ఎంబీబీఎస్ చదివాను. తెనాలి మేడమ్ చేతిరాత గురించి రాసింది చదివి ఆగలేక రాస్తున్నాను.

మూడో సంవత్సరంలో ఆసుపత్రి వార్డులకు వెళ్లినప్పుడు మాకూ అదే గండం. అక్కడ కేస్ షీటును 'ఇస్తోరియా బలేజ్ని' అంటారు, మాటకు మాట "జబ్బు చరిత్ర". పెద్ద డాక్టర్లు కలిపిరాతలో గీకేసి పోయేవారు. మా వార్డు నర్సు ఒకావిడ, అరవై దాటినామె, నన్ను చూసి జాలిపడి పుస్తకాల షాపుకు తీసుకెళ్లి 'ప్రోపిసి' కొనిపెట్టింది. ఒకటో తరగతి పిల్లలు కలిపిరాత దిద్దుకునే పుస్తకాలు అవి. ఇరవై రెండేళ్లవాణ్ని, హాస్టల్లో కూర్చుని రోజుకు రెండు పేజీలు దిద్దాను. రెండు నెలల్లో కేస్ షీట్లు చదవడం వచ్చేసింది. చెల్లెమ్మా, చదవడం రావాలంటే ముందు రాయి. చేతికి వచ్చినది కంటికి తొందరగా వస్తుంది. ప్రోపిసి ఇప్పుడు ఇంటర్నెట్లో ఊరికే దొరుకుతాయి.

ఇంకొకటి. త్వేర్‌లో వోల్గా ఒడ్డున అఫనాసీ నికితిన్ విగ్రహం ఉంది, 1955లో పెట్టింది. ఆ ఊరి వర్తకుడు, అయిదు వందల ఏళ్ల కిందట మన దక్కను దాకా వచ్చాడట. దిగులేసినప్పుడల్లా అక్కడికెళ్లి కూర్చునేవాణ్ని. ఆయన మన వైపు ఎక్కడెక్కడ తిరిగాడో మేడమ్‌కు తెలిసే ఉంటుంది, వీలైతే చెప్పండి.

మధిర_అమ్మాయి:

మేడమ్, అన్నయ్యా, డాక్టర్ గారూ, అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఆవు ఉత్తరం గురించి నాన్నకు చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు కానీ రాత్రి భోజనాల దగ్గర "ఆ పిల్లాడికి తర్వాత ఏమైంది" అని అడిగారు.

బీఈడీకి అప్లై చేస్తాను. ఎంఏ ఎంట్రన్స్ కూడా రాస్తాను. ప్రోపిసి డౌన్‌లోడ్ చేసుకున్నాను.

మేడమ్, ఒక్క భయం మిగిలింది. ఇప్పుడు అక్కడ ఆర్కైవ్‌లు మళ్లీ మూసుకుపోతున్నాయని, మెమోరియల్ అనే సంస్థను మూసేశారని చదివాను. నేను అయిదారేళ్లకు సిద్ధమయ్యేసరికి తలుపులు ఉంటాయా?

తెనాలి_టు_మాస్కో:

నీ భయం అబద్ధం కాదు. స్టాలిన్ కాలంలో చనిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా పోగుచేసిన మెమోరియల్‌ను 2021 డిసెంబర్ చివర్లో కోర్టు రద్దు చేసింది. మరుసటేడు దానికి నోబెల్ శాంతి బహుమతిలో భాగం ఇచ్చారు. నా సొంత అనుభవం కూడా ఒకటి చెబుతాను. ఒక చోట, పేరు వద్దులే, మొదటి వారం చూసిన ఫైలే మూడో వారం మళ్లీ అడిగితే ఇవ్వడం కుదరదన్నారు. కారణం చెప్పలేదు. నోట్సులో ఒక పుట సంఖ్య రాసుకోవడం మరిచిపోయి రెండోసారి అడిగాను. ఆ అధ్యాయం ఆ ఒక్క అంకె లేక సగానికి పడిపోయింది. అందుకే నా విద్యార్థులకు మొదటి రోజే చెబుతాను, చూసిన ప్రతి కాగితానికీ నాలుగు అంకెలూ అక్కడే, అప్పుడే రాసుకోండని.

కానీ తలుపు మూసుకున్నా పని ఆగదు. 1941లో జర్మన్లు స్మొలెన్స్క్ పట్టుకున్నప్పుడు అక్కడి పార్టీ ఆర్కైవ్ వాళ్ల చేతిలో పడింది, యుద్ధం తర్వాత అమెరికన్ల చేతికి వచ్చింది. మెర్ల్ ఫెయిన్‌సాడ్ అనే అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త మాస్కో ఆర్కైవ్ గడప తొక్కకుండానే, ఆ కాగితాలతో ఒక రష్యన్ ప్రాంతం బతుకు మొత్తాన్ని 1958లో పుస్తకంగా రాశాడు. అలాగే 1950-51లో దేశం వదిలి వచ్చిన వందలాది మంది సోవియట్ మనుషులను హార్వర్డ్ వాళ్లు ఇంటర్వ్యూ చేశారు. అవి ఇప్పుడు ఆన్‌లైన్లో ఉన్నాయి, నీ హాస్టల్ గదిలో కూర్చుని చదువుకోవచ్చు. రష్యన్‌లో ప్రోజితో అని మామూలు మనుషుల డైరీల భాండాగారం ఉంది, అదీ ఉచితమే. కరువు మీదైతే కీవ్ ఆర్కైవ్‌లు రష్యాకంటే ఎక్కువ తెరిచారు. కాకపోతే దానికి ఉక్రేనియన్ కూడా కావాలి. రష్యన్ వచ్చాక ఆ భాష మరీ కష్టం కాదు, కానీ అదే భాషే కదా అని మాత్రం అనుకోకు.

ఇక మన ఇంటి దగ్గరిది. డాక్టర్ గారూ, నికితిన్ చౌల్ రేవులో దిగి బీదర్ చేరాడు, బహమనీల రాజధాని అప్పుడు అదే. 1469 ప్రాంతం. అమ్ముకుందామని ఒక గుర్రాన్ని వెంట తెచ్చాడు, దాన్ని జున్నార్‌లో అక్కడి ఖాన్ లాక్కుని, మతం మారితే తిరిగిస్తానన్నాడు. ఒక ఖొరాసానీ (పర్షియా వైపు నుంచి వచ్చిన) పెద్దమనిషి అడ్డం పడి గుర్రాన్నీ మనిషినీ కాపాడాడు. బీదర్‌లో పరిచయమైన వాళ్లతో కలిసి శివరాత్రికి 'పర్వత్' అనే క్షేత్రానికి వెళ్లానని రాశాడు. అది మన శ్రీశైలమేనని చరిత్రకారులు గుర్తించారు. గుడి రాతి గోడల మీద దేవుడి లీలలు చెక్కి ఉన్నాయని, దేవుడి ఎదుట నల్లరాతి పెద్ద ఎద్దు ఉందని, దానికి బంగారు పూత ఉందని, జనం దాని గిట్ట ముద్దుపెట్టుకుని పూలు చల్లుతున్నారని రాశాడు. ఇంటికి చేరలేదు, స్మొలెన్స్క్ దగ్గరే చనిపోయాడు. ఆ రాతప్రతి 1475లో మాస్కో చేరింది. చాలా కాలం తర్వాత చరిత్రకారుడు కరమ్‌జిన్‌కు త్రోయిత్స మఠం పుస్తకాల్లో ఒక ప్రతి దొరికింది. నేను ఆ నంది దగ్గరి వాక్యం మొదటిసారి పాత రష్యన్‌లో చదివినప్పుడు, మా అమ్మమ్మ చెయ్యి పట్టుకుని శివరాత్రికి శ్రీశైలం క్యూలో నిలబడ్డ రోజు కళ్లముందుకొచ్చింది. మన కలకత్తాలో హరి వాసుదేవన్ గారని గొప్ప రష్యా చరిత్రకారుడు ఉండేవారు, ఆయన నికితిన్ దారి మీదా పనిచేశారు. 2020 మేలో కోవిడ్‌తో పోయారు. మన దేశంలో ఉండి రష్యా చరిత్ర చేయడం సాధ్యమేనా అని ఎవరడిగినా నేను ఆయన పేరు చెప్పేదాన్ని.

ఇంకొక పేరు, హైదరాబాద్‌లో పుట్టిన మనిషిది. వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ, సరోజినీ నాయుడు తమ్ముడు. బెర్లిన్‌లో ఉండి బ్రిటిషువాళ్ల మీద పోరాడాడు, చివరికి లెనిన్‌గ్రాడ్ చేరి అక్కడ జాతుల అధ్యయన సంస్థలో పనిచేశాడు. 1937 జులైలో పట్టుకెళ్లారు, సెప్టెంబర్ 2న కాల్చి చంపారు. ఇంట్లోవాళ్లకు చాలా ఏళ్లు ఆ సంగతి సరిగ్గా తెలియనే లేదు. ఆయన మీద బ్రిటిషు నిఘా కాగితాలు ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. నిజాం కాలం కాగితాలు చూడాలంటే తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, నీ హాస్టల్ నుంచి సిటీ బస్సులో వెళ్లొచ్చు. మాస్కో వెళ్లేలోపు అక్కడ ఒక రీడింగ్ రూములో కూర్చోవడం నేర్చుకో. ఫైలు ఎలా అడగాలో, ఎలా ఎదురుచూడాలో, పుట చిరగకుండా ఎలా తిప్పాలో ఎక్కడైనా ఒకటే.

నాన్నగారికి చెప్పు, ఆ పిల్లాడి సంగతి ఫైల్లో లేదు. కానీ ఆ ప్రశ్న అడిగిన మనిషి కూతురు ఈ పని చేయగలదని నాకు నమ్మకం కలిగింది.

నీ ఇన్‌బాక్స్‌కు ఒక పేజీ పంపాను. అచ్చయిన ఒక సంకలనంలో ఫొటోగా వేసిన అర్జీ, 1920ల నాటిది, రాత మరీ కష్టమైంది కాదు. మొదటి మూడు లైన్లు చదివి ఇక్కడే రాయి. నిఘంటువు చూడొచ్చు. తొందర లేదు.

మధిర_అమ్మాయి:

మేడమ్, నాలుగు రోజులు పట్టింది. మొదటి లైన్లో ఊరి పేరు, జిల్లా పేరు వచ్చాయి. రెండో లైన్లో మనిషి పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు. "విధవ" అనే మాట కూడా పట్టుకున్నాను. మూడో లైను మొదటి మాట దగ్గర ఆగిపోయాను. అయిదు అక్షరాలనుకుంటా. మొదటిది ఎన్‌లా ఉంది, అంటే 'ప'. తర్వాత 'ర', తర్వాత సున్నా. ఆ తర్వాత అన్నీ నిలువు గీతలే, వాటి కింద చిన్న అడ్డగీత ఉంది. ఆ అడ్డగీత కొట్టివేత అనుకుని రెండు రోజులు పోగొట్టుకున్నాను.

తెనాలి_టు_మాస్కో:

కొట్టివేత కాదు తల్లీ. గీతలన్నీ ఒకేలా ఉంటాయని రాసేవాళ్లే గుర్తు పెట్టేవారు. కింద అడ్డగీత ఉంటే 'ష', పైన ఉంటే 'త'. చివరి అక్షరం 'ఊ', తోక కిందికి దిగింది చూడు. ఇప్పుడు మళ్లీ చదువు.

మధిర_అమ్మాయి:

ప్రషూ.

"వేడుకుంటున్నాను."